మీ సంస్థకు పనికొచ్చే వెబ్‌సైట్ తయారు చేసుకోవడం ఎలా?

అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లో స్వచ్ఛంద సంస్థలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, చేనేత సహకార సంఘాలు, చిన్న పాఠశాలలు నడుపుతున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మా సంస్థకు వెబ్‌సైట్ పెట్టుకోవాలనుకుంటున్నాం, ఏ డిజైన్ బాగుంటుంది?" కొందరికి ఇదివరకే వెబ్‌సైట్ ఉంటుంది. అది ఉన్నా ఆఫీసుకు వచ్చే ఫోన్లు తగ్గలేదని, విరాళాలు రాలేదని, దాన్ని చూసి వచ్చామని చెప్పినవారు ఒక్కరూ లేరని వారు బాధపడుతుంటారు. ఇద్దరికీ నేను చెప్పే క్రమం ఒకటే, అందులో డిజైన్ ఏడో దశలో గానీ రాదు. మీ దగ్గరికి వచ్చే మనిషి ఏ ప్రశ్నతో వస్తున్నాడో ముందు తెలుసుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబు అతని చేతిలోని ఫోన్‌లో, అతను వాడే తెలుగులో, వెతుక్కోకుండా దొరికేలా చేయాలి. కింది దశలన్నీ ఈ ఒక్క పని కోసం ఏర్పాటు చేసినవే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక నోటు పుస్తకం, రెండు వారాల ఓపిక.
- సంస్థ పేరుతోనే తెరిచిన ఈమెయిల్ ఖాతా, కార్యదర్శి మారినా సంస్థ దగ్గరే ఉండే ఒక ఫోన్ నంబరు.
- రిజిస్ట్రేషన్ పత్రం, సంస్థ పాన్ కార్డు, ఉన్నట్లయితే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళమిచ్చినవారికి పన్ను మినహాయింపు) ఉత్తర్వులు, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు.
- మీ పనిని చూపే పదిహేను, ఇరవై ఫొటోలు. వాటిలో కనిపించేవారి అనుమతి.
- వారానికి ఒక గంట ఈ పనికే కేటాయించగల ఒక బాధ్యుడు. ఈ మనిషి దొరకకపోతే వెబ్‌సైట్ ఆలోచన వాయిదా వేసుకోవడమే మంచిది.
- డొమైన్ పేరుకు (అంటే వెబ్‌సైట్ చిరునామాకు), హోస్టింగ్‌కు (అంటే సైటును ఇంటర్నెట్‌లో ఉంచే చోటుకు) అయ్యే డబ్బు. మొదటి ఏడాది ధర తక్కువగా చూపించి రెండో ఏడాది నుంచి పెంచడం ఈ వ్యాపారంలో మామూలు కాబట్టి, కొనే ముందే రెన్యువల్ ధర ఎంతో అడగండి.
- తక్కువ ధరలో దొరికే ఒక ఆండ్రాయిడ్ ఫోన్. పరీక్షలన్నీ దాని మీదే చేయాలి.

1. రెండు వారాలు ప్రశ్నలు రాసుకోండి

ఆఫీసులో ఫోన్ ఎత్తే వ్యక్తి పక్కన నోటు పుస్తకం పెట్టండి. పద్నాలుగు రోజుల పాటు ఫోన్ చేసినవారు, వాట్సాప్‌లో రాసినవారు, గుమ్మం దాకా వచ్చినవారు మొట్టమొదట ఏమి అడిగారో వారి మాటల్లోనే రాయించండి. మాటలు మార్చి శుద్ధమైన భాషలో రాయించవద్దు. ఆ మాటలతో తర్వాత పని ఉంది.

కడప దగ్గర ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక బడికి ఈ పని చేయించినప్పుడు, వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా మూడింటి చుట్టూనే తిరిగాయి: ఏ వయసు వరకు చేర్చుకుంటారు, బస్సు ఏ ఊరి దాకా వస్తుంది, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తప్పనిసరా. ఈ మూడింటిలో ఒక్కదానికైనా వారి పాత వెబ్‌సైట్‌లో జవాబు లేదు. వ్యవస్థాపకుల జీవిత విశేషాలు మాత్రం మూడు పేజీల నిండా ఉన్నాయి. ఆ బడి వారు నిజాయితీగా, కష్టపడి పనిచేసేవారే. అయితే వెబ్‌సైట్‌లో ఏముండాలో కార్యవర్గ సమావేశంలో కూర్చుని నిర్ణయించారు. కార్యవర్గం తాను చెప్పదలచుకున్నది చెబుతుంది. ఫోన్ చేసే తల్లి తనకు కావలసింది అడుగుతుంది.

మీ సంస్థ కొత్తదై ఇంకా ఫోన్లు రావడం లేదనుకుంటే, మీరు ఎవరి కోసం పనిచేయదలచారో వారిలో పదిమందిని కలిసి, "మా గురించి ముందుగా ఏం తెలుసుకోవాలనిపిస్తుంది?" అని అడిగి రాసుకోండి.

2. డొమైన్ పేరు సంస్థ పేరు మీదే కొనండి

నాకు తెలిసినంతలో సంస్థలు చేసే పొరపాట్లలో అన్నింటికంటే ఖరీదైనది ఈ దశలో జరుగుతుంది. సైటు చేసిచ్చిన కుర్రవాడు తన సొంత ఈమెయిల్‌తో డొమైన్ కొంటాడు. రెండేళ్లకు అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, నంబరు మారుతుంది. గడువు ముగుస్తోందన్న హెచ్చరికలన్నీ అతను తెరవని ఈమెయిల్‌కే వెళతాయి. ఒక రోజు సైటు కనబడదు. కొంతకాలానికి అదే పేరును మరెవరో కొనుక్కుంటారు. అప్పటికే కరపత్రాల మీద, రసీదు పుస్తకాల మీద, ఆఫీసు బోర్డు మీద ఆ చిరునామా అచ్చయి ఉంటుంది. ఈ స్థితిలో నా దగ్గరికి వచ్చిన ఒక సంస్థకు కొత్త పేరు కొనుక్కోవడం తప్ప నేను మరో దారి చూపలేకపోయాను.

అందువల్ల డొమైన్ ఖాతా, హోస్టింగ్ ఖాతా, సైటు అడ్మిన్ లాగిన్ అనే మూడు తాళాలూ సంస్థ ఈమెయిల్ మీదే తెరవండి. సైటు తయారు చేసేవారికి విడిగా ఒక లాగిన్ ఇచ్చి, పని పూర్తయ్యాక దాన్ని తొలగించండి. వీలైతే డొమైన్‌కు మూడేళ్లు లేదా ఐదేళ్లు ఒకేసారి చెల్లించండి. పాస్‌వర్డుల కాగితాన్ని కవరులో పెట్టి, రిజిస్ట్రేషన్ పత్రం ఉన్న బీరువాలోనే భద్రపరచండి.

సరిచూసుకునే పద్ధతి: డొమైన్ ఖాతాలోకి మీరే స్వయంగా ప్రవేశించి, యజమాని వివరాలు చూపే చోట సంస్థ పేరు ఉందో లేదో చూడండి. "మీ పేరు మీదే ఉంది సార్" అన్న మాట మీద ఆధారపడవద్దు.

పేరు ఎంచుకునేటప్పుడు ఇంకో పరీక్ష ఉంది. ఎంచుకున్న పేరును ఫోన్‌లో ఒకరికి చెప్పి రాసుకోమనండి. మొదటిసారే తప్పు లేకుండా రాయగలిగితే ఆ పేరు మంచిది. మన జిల్లాల పేర్లతో ఈ చిక్కు ఎక్కువ: కడపను ఆంగ్లంలో ఒకప్పుడు సి అక్షరంతో రాసేవారు, ఇప్పుడు కె అక్షరంతో రాస్తున్నారు, అనంతపురానికీ రెండు అక్షరక్రమాలు వాడుకలో ఉన్నాయి. ఊరి పేరు లేని చిరునామా దొరికితే ఈ బాధ ఉండదు. తెలుగు లిపిలోనే ".భారత్" అనే చిరునామా కూడా తీసుకోవచ్చు గానీ, దాన్ని రెండో చిరునామాగా ఉంచుకోమంటాను, ఎందుకంటే ఫోన్‌లో తెలుగు టైపు చేయడం అలవాటు లేనివారు మనలో ఇంకా చాలామంది ఉన్నారు.

డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే గూగుల్ సైట్స్‌లో ఒక్క పేజీ చేసుకుని, గూగుల్ మ్యాప్స్‌లో సంస్థ వివరాలు నమోదు చేసుకోండి. చిన్న సంస్థకు ఒక్క మంచి పేజీ సరిపోతుంది. ఖాళీ పేజీలు పది ఉన్న సైటు కంటే అదే ఎక్కువ గౌరవం తెస్తుంది.

3. పేజీలు నిర్ణయించుకోండి

మొదటి పేజీ, ఒక్కో సేవకు ఒక్కో పేజీ, మా గురించి, లెక్కలు, చిరునామా. వీటితో మొదలుపెట్టండి. నాలుగు వందల ఫొటోల గ్యాలరీ, "త్వరలో" అని రాసిన ఖాళీ పేజీలు, అధ్యక్షుల సందేశం మొదట్లో అవసరం లేదు.

4. ఇప్పుడు రాయండి

మొత్తం పనిలో సగం సమయం ఈ దశకు ఇవ్వాలి. సైటు తయారు చేసేవారు మీ కోసం రాయరు. వారు రాసినా అది ఏ సంస్థకైనా సరిపోయే మాటలతోనే ఉంటుంది.

మొదటి పేజీలో మొదటి వాక్యం మీరు ఎవరి కోసం, ఎక్కడ, ఏం చేస్తారో చెప్పాలి. "సమాజ అభ్యున్నతే ధ్యేయంగా, బడుగు వర్గాల సమగ్ర వికాసానికి అహర్నిశలు కృషి చేస్తున్న సంస్థ" అని రాస్తే, చదివినవారికి మీరు బడి నడుపుతున్నారో, బావులు తవ్విస్తున్నారో తెలియదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల్లోని పత్తి రైతులం కలిసి విత్తనాలు, ఎరువులు కొనుక్కునే సంఘం మాది. సభ్యులుగా చేరడానికి పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఆధార్ నకలు తీసుకుని మా కార్యాలయానికి రండి." ఈ రెండు వాక్యాలు చదివిన రైతు ఇక ఎవరికీ ఫోన్ చేయనవసరం లేకుండా బయలుదేరి రాగలడు.

ప్రతి సేవ పేజీలోనూ ఏడు విషయాలు తప్పకుండా ఉండేలా చూసుకోండి: ఎవరికి, ఏమి ఇస్తారు, ఎక్కడ, ఏ రోజుల్లో ఏ వేళల్లో, ఖర్చు ఎంత, ఏ కాగితాలు తేవాలి, ఎవరిని అడగాలి. సేవ ఉచితమైతే "ఉచితం" అని స్పష్టంగా రాయండి. రాయకపోతే డబ్బు అడుగుతారేమోనన్న సందేహంతో ఆగిపోయేవారు ఉంటారు.

నోటు పుస్తకంలోని మాటలతో పని ఉందని ముందే చెప్పాను. మన వైపు రైతు చీనీ తోట అంటాడు. బత్తాయి అన్న మాట పట్టణపు పుస్తకాల్లోనిది. పేజీలో బత్తాయి అని మాత్రమే రాస్తే, చీనీ అని వెతికిన అనంతపురం రైతుకు మీ పేజీ కనబడకపోవచ్చు. వేరుశనగ కూడా అంతే. ఇంట్లో, పొలంలో శనక్కాయలనీ బుడ్డలనీ అంటారు. కనుక శీర్షికలో జనం మాట పెట్టి, మొదటి పేరాలో పుస్తకాల మాటను ఒకసారి వాడండి. రెండు రకాలుగా వెతికేవారికీ మీరు దొరుకుతారు.

ఊరి పేర్ల విషయంలో పాత సైట్లన్నీ ఒకసారి సరిచూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లాలు మారాయి. నంద్యాల, డోన్, ఆళ్లగడ్డ ఇప్పుడు కర్నూలు జిల్లాలో లేవు. కదిరి, ధర్మవరం, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఇప్పటి జిల్లా పేరు చిరునామాలో రాయండి. "పూర్వపు అనంతపురం జిల్లా" అని పేజీలో ఒక్కచోట ఉంచితే పాత పేరుతో వెతికేవారికి సాయంగా ఉంటుంది.

"ఇటీవల", "గత ఏడాది", "వచ్చే నెల" అన్న మాటలు వెబ్‌సైట్‌లో వాడవద్దు. పేజీని ఎప్పుడు చదువుతారో మీకు తెలియదు; ఏ నెల, ఏ సంవత్సరమో రాయండి. "వేలాది మందికి మేలు చేశాం" అని రాసే బదులు మీ రిజిస్టర్లో ఉన్న సంఖ్యను, అది ఏ తేదీ నాటిదో చెప్పి రాయండి. నూట నలభై మంది అన్న నిజమైన సంఖ్య, వేలాది అన్న మాట కంటే విరాళమిచ్చేవారిని ఎక్కువగా నమ్మిస్తుంది.

మొదటి పేజీలో పైన ఒక అత్యవసర ప్రకటన పెట్టుకునే చోటును ముందే ఏర్పాటు చేయించుకోండి. 2009 అక్టోబరులో వరద కర్నూలు నగరాన్ని ముంచినప్పుడు గానీ, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు నష్టపోయినప్పుడు గానీ, సాయం కావలసినవారికీ, చేయదలచినవారికీ అన్నిటికంటే ముందు అవసరమైనది పనిచేసే ఒక ఫోన్ నంబరు, సామాను చేర్చవలసిన ఒక చిరునామా. అటువంటి ప్రకటన మీద పెట్టిన తేదీ, వేళ తప్పకుండా ఉండాలి. దాన్ని తొలగించే బాధ్యత ఎవరిదో కూడా అదే రోజు నిర్ణయించండి. మూడేళ్ల నాటి వరద ప్రకటన ఇంకా కనిపించే సైటును చూసి ఎవరూ విరాళం పంపరు.

ఇక ఆంగ్ల పేజీలు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు చూసే అధికారులు, బయటి రాష్ట్రాల దాతలు ఆంగ్లంలో చదువుతారు కాబట్టి అవి అవసరమే. అయితే వాటిని తెలుగు పేజీలకు నకలుగా చేయవద్దు. దాతకు కావలసింది వేరు, పిల్లవాడిని చేర్చదలచిన తల్లికి కావలసింది వేరు. ఒక మీట నొక్కితే యంత్రమే అనువదించే ఏర్పాటు మీద ఆధారపడితే, కాగితాల పేర్లు, పథకాల పేర్లు తప్పుగా వచ్చి మనుషులను తిప్పుతాయి. కర్నూలు, ఆదోని, కడప పట్టణాల్లో ఉర్దూ చదివేవారికి సేవలందిస్తుంటే ఒక ఉర్దూ పేజీ ఎంతో మేలు. అది కుడి నుంచి ఎడమకు సాగేలా పేజీ దిశను మార్చమని తయారీదారుకు చెప్పండి.

5. తెలుగు అక్షరాలు అక్షరాలుగానే ఉండాలి

మన ఊళ్లలో కరపత్రాలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో తయారవుతాయి. ఆ ఫైలులోని తెలుగు, ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతిలో ఉండదు. దాన్ని తెచ్చి వెబ్‌సైట్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. అప్పుడు తయారీదారు సులువైన దారి వెతికి, కరపత్రాన్నంతా ఒక బొమ్మగా మార్చి పేజీలో పెట్టేస్తాడు. చూడటానికి తెలుగు కనిపిస్తుంది గానీ, వెతికితే దొరకడం కష్టం, పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపు లేనివారి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు.

ఇందుకు మూడు దారులున్నాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి; మార్చిన తర్వాత వత్తులు, పొల్లులు, అంకెలు తప్పక దిద్దుకోవాలి, ఎందుకంటే తప్పులు అక్కడే వస్తాయి. లేదా ఫోన్ కీబోర్డులో మాటలు పలికి టైపు చేయించుకుని దిద్దుకోవచ్చు. పాఠం చిన్నదైతే మళ్లీ కొట్టించడమే అన్నిటికంటే వేగం.

సరిచూసుకునే పద్ధతి చాలా తేలిక. మీ పేజీలోని ఒక వాక్యాన్ని వేలితో ఎంచుకుని కాపీ చేసి, వాట్సాప్‌లో అతికించి చూడండి. అదే తెలుగు వాక్యం వస్తే సరే. రాకపోతే పని మిగిలే ఉంది.

ఫాంటు విషయంలో, చదివే పాఠానికి మండలి గానీ, నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టమనండి, రెండూ ఉచితం. రామభద్ర వంటి లావు ఫాంట్లు శీర్షికలకే పరిమితం చేయండి. తయారీదారుకు ఈ నాలుగు సూచనలు రాతపూర్వకంగా ఇవ్వండి. అక్షరాల పరిమాణం 17 లేదా 18 పిక్సెళ్లు ఉండాలి. వరుసల మధ్య ఎత్తు అక్షర పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్లు ఉండాలి. ఆంగ్లానికి సరిపోయే కొలతే ఉంచితే పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి. అక్షరాల మధ్య అదనపు ఎడం పెట్టకూడదు. పేరాలను రెండు అంచులకూ సాగదీయకుండా ఎడమ అంచుకే ఉంచాలి, ఎందుకంటే మన మాటలు పొడవైనవి, సాగదీస్తే మధ్యలో పెద్ద ఖాళీలు వస్తాయి. వీటితోపాటు పేజీ భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించమనండి. చదివి వినిపించే యంత్రం తెలుగు గొంతును ఎంచుకోవడానికి అది ఆధారం.

6. ఫొటోలు

ఫోన్‌తో తీసిన ఒక్కో ఫొటో మూడు నుంచి ఐదు ఎంబీ ఉంటుంది. అటువంటివి పది పెడితే ఆ ఒక్క పేజీకే ముప్పై నుంచి యాభై ఎంబీ ఖర్చవుతుంది. ఫొటో వెడల్పును 1,200 పిక్సెళ్లకు తగ్గించి, ఫైలు 200 కేబీ లోపు ఉండేలా చూడండి. స్క్వూష్ అనే ఉచిత పనిముట్టు బ్రౌజర్‌లోనే ఈ పని చేస్తుంది. ఫోన్ ఫొటోలో అది తీసిన చోటి వివరం కూడా దాగి ఉండవచ్చు. బాలికల హాస్టళ్ల ఫొటోలు పెట్టేముందు ఆ వివరాన్ని తప్పక తొలగించండి.

పిల్లల ఫొటోల గురించి ఒక గట్టి హెచ్చరిక. బాల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి, చిరునామా వంటి గుర్తింపు వివరాలను బయటపెట్టకూడదు. అనాథ పిల్లల వసతి గృహాలు నడిపేవారు దాతలను కదిలించాలని పిల్లల ముఖాలను, వారి కథలను పేర్లతో సహా పెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లు వచ్చాక కూడా ఆ పేజీ ఎక్కడో దొరుకుతూనే ఉంటుంది. చేతులు, పుస్తకాలు, వెనుక నుంచి తీసిన తరగతి గది, వారు వేసిన బొమ్మలు చూపినా మీ పని అర్థమవుతుంది. పెద్దవారి ఫొటోలకు కూడా వారికి చదివి వినిపించి అనుమతి తీసుకోండి. లబ్ధిదారుల జాబితాలను ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లతో సహా స్కాన్ చేసి పెట్టినవారు మీలో ఎవరైనా ఉంటే ఇది చదవడం ఆపి ముందు వాటిని తొలగించండి.

7. ఫోన్ తెరను దృష్టిలో పెట్టుకుని డిజైన్ చేయించండి

తయారీదారు తన ల్యాప్‌టాప్‌లో నమూనా చూపిస్తే అంగీకరించకండి, ఫోన్‌లో చూపించమనండి. ఫోన్‌లో ఒకే నిలువు వరుసగా, పక్కకు జరపనవసరం లేకుండా కనిపించాలి. దానంతటదే మారిపోయే ఫొటోల వరుస, కదిలే అక్షరాల పట్టీ, తెరవగానే అడ్డొచ్చే ప్రకటన, నేపథ్య సంగీతం వద్దని స్పష్టంగా చెప్పండి. దండలు వేయించుకుంటున్న పెద్దల ఫొటో తెర నిండా కనిపిస్తే, కింద ఉన్న ఫోన్ నంబరు దాకా చాలామంది వెళ్లరు.

రంగుల విషయంలో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది: అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలి. ఆన్‌లైన్‌లో రెండు రంగులు ఇస్తే ఈ నిష్పత్తి చెప్పే ఉచిత పనిముట్లు ఉన్నాయి. తెలుపు మీద పసుపు, ఆకుపచ్చ మీద ఎరుపు ఈ పరీక్షలో నిలవవు. ఇంకా నమ్మకమైన పరీక్ష మన ఊళ్లోనే ఉంది: మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబడి మీ పేజీ చదవండి.

ఫోన్ నంబరును తాకితే కాల్ వెళ్లాలి. ల్యాండ్‌లైన్ రాస్తే ఊరి కోడ్ తప్పకుండా రాయండి, కర్నూలుకు 08518, అనంతపురానికి 08554, కడపకు 08562. కోడ్ లేని నంబరు బయటి ఊరివారికి పనికిరాదు. చిరునామాలో డోర్ నంబరుతోపాటు అందరికీ తెలిసిన గుర్తు చెప్పండి: కర్నూలులో రాజ్ విహార్ సెంటర్, అనంతపురంలో టవర్ క్లాక్, కడపలో ఏడు రోడ్ల కూడలి వంటి చోటి నుంచి ఎటు, ఎంత దూరమో రాస్తే ఆటో అతనికి కూడా అర్థమవుతుంది. మ్యాప్‌లో పెట్టిన గుర్తు మీ గేటు ముందే ఉందో, వెనుక వీధిలో ఉందో మీ ఆఫీసు తెలియని ఒక మనిషిని బండి మీద రమ్మని చెప్పి పరీక్షించండి.

8. విరాళాలు, లెక్కలు

క్యూఆర్ కోడ్ బొమ్మ ఒక్కటే పెట్టి ఊరుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. మీ పేజీని ఫోన్‌లో చూస్తున్న మనిషి అదే ఫోన్‌తో తన తెరను ఎలా స్కాన్ చేస్తాడు? కోడ్ కింద యూపీఐ ఐడీని కాపీ చేసుకునేలా అక్షరాల్లో ఇవ్వండి, చెల్లించేటప్పుడు ఏ పేరు కనిపిస్తుందో కూడా రాయండి. తర్వాత మీరే ఒక రూపాయి పంపి చూడండి.

80జి గుర్తింపు ఉంటే ఉత్తర్వు నంబరు, చెల్లుబాటు గడువు ఇవ్వండి. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి ఆ పన్ను మినహాయింపు వర్తించదని కూడా చెప్పండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థలు విదేశీయుల నుంచి డబ్బు తీసుకోరాదు. ఇక్కడ ఒక సందేహం తరచుగా వస్తుంది: కువైట్‌లో పనిచేస్తున్న రాయచోటి, రాజంపేట వాసులు పంపవచ్చునా అని. వారు భారత పౌరులుగానే ఉండి, తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది. ఈ మాట విరాళాల పేజీలో స్పష్టంగా రాయండి. విదేశీ విరాళాలు స్వీకరించే సంస్థలు ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా ఆ ఆడిట్ లెక్కలను తమ వెబ్‌సైట్‌లో గానీ, కేంద్ర ప్రభుత్వం సూచించిన సైట్‌లో గానీ ఉంచాలి.

ఆడిట్ నివేదిక స్కాన్ పెట్టేటప్పుడు దాని పైన ఎంత వచ్చింది, దేనికెంత ఖర్చయింది అన్నది నాలుగు వరుసల్లో టైపు చేయండి. దాతలు చదివేది ఆ నాలుగు వరుసలే.

9. వెతికితే దొరికేలా

సంస్థ పేరు, చిరునామా, ఫోన్ నంబరు వెబ్‌సైట్‌లో, గూగుల్ మ్యాప్స్‌లో, ఫేస్‌బుక్ పేజీలో ఒకే విధంగా ఉండాలి. ప్రతి పేజీకీ దాని విషయం చెప్పే శీర్షిక వేరుగా ఉండాలి. సైటును గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేయించండి. ఏ మాటలతో వెతికి మీ దగ్గరికి వచ్చారో అందులో కనిపిస్తుంది. మొదటి స్థానంలో నిలబెడతామని చెప్పి డబ్బు అడిగేవారికి ఇవ్వకండి.

10. పరీక్షించండి

మీ సంస్థతో సంబంధం లేని ఐదుగురిని పిలవండి. వారిలో ఒకరైనా యాభై దాటినవారు, ఒకరైనా పల్లె నుంచి వచ్చినవారు ఉండాలి. ఆఫీసు వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, తక్కువ ధర ఫోన్ చేతికిచ్చి, నోటు పుస్తకంలోని మొదటి మూడు ప్రశ్నలకు జవాబు వెతకమనండి. "పైన నొక్కండి" అని మధ్యలో చెప్పకండి. వారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ పేజీలో లోపం ఉంది, దాన్ని రాసుకోండి.

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ పరీక్షలో మీ చిరునామా ఇచ్చి చూడండి. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే మంచిదని వారి కొలమానం. దాటితే ముందుగా ఫొటోలను అనుమానించండి. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీది పాఠాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ సేవ పేజీ వినండి. ఫొటోలకు వివరణ రాయలేదంటే అక్కడ ఫైలు పేరో, అర్థం లేని అంకెలో వినిపిస్తాయి. పేజీలో సందేశం పంపే ఫారం ఉంటే మీరే ఒక సందేశం పంపి, అది మీ ఈమెయిల్‌కు వచ్చిందో, స్పామ్‌లో పడిందో చూడండి. రోజూ ఈమెయిల్ చూసేవారు లేని సంస్థ ఫారం పెట్టకుండా వాట్సాప్ లింకు ఇవ్వడం మంచిది.

సైటు మొదలయ్యాక నెలకొకసారి, ఉదాహరణకు మొదటి సోమవారం, బాధ్యుడు మూడు పనులు చేయాలి: ఫోన్ నంబర్లు, వేళలు, తేదీలు సరిగా ఉన్నాయో చూడటం, సైటు నడపడానికి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని అప్‌డేట్లు వేసి, మొత్తం సైటు నకలును ఆఫీసు కంప్యూటర్లో దాచడం, గడువు దాటిన ప్రకటనలు తీసేయడం.

రెండు నెలలు గడిచాక మళ్లీ పద్నాలుగు రోజులు నోటు పుస్తకం పెట్టండి. పాత ప్రశ్నల జాబితా పక్కన కొత్తదాన్ని ఉంచి చూడండి. ఏ ప్రశ్నలు తగ్గాయో వాటి పేజీలు పనిచేస్తున్నట్టు. ఏవి అలాగే వస్తున్నాయో వాటి జవాబులు కింద ఎక్కడో దాగి ఉన్నాయి, లేదా అడిగేవారి మాటల్లో లేవు. వాటిని మొదటి పేజీలోకి, పై భాగానికి తీసుకురండి.